పుట్టింటి చీర

పోయిన వారం సంజీవరావుని మనం గుంటూరులో, డాక్టరు రహిమున్నీసా గది బయట బెంచీ మీద వదిలేశాం. లోపల ఆవిడ ముందు మద్రాసు నుంచి వచ్చిన కవరు ఉంది. తన చెల్లెలు జయకుమారి ఇంకెన్నాళ్ళు బతుకుతుందో అందులో రాసి ఉంటుందని ఆయన నమ్మకం.

జయకుమారి ప్రత్తిపాడులో మిషను బడి పంతులమ్మ. జనవరిలో జ్వరం పట్టుకుంది, వదల్లేదు. కళ్ళు పచ్చబడ్డాయి. మనిషి సగమైంది. స్కానింగులో కాలేయం మీద నిమ్మకాయంత గడ్డ కనపడింది. పొట్ట కోశారు, చిన్న ముక్క తీశారు, మళ్ళీ కుట్టేశారు. కోసి మూసేశారంటే ఏమిటో ఆ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు: కాన్సరు, ఇక చేసేదేం లేదని. ఆమెకి మాత్రం భర్త జోసఫ్ పుండు అని చెప్పాడు. ఆ కబురు విని, పదకొండేళ్ళుగా చెల్లెలి గుమ్మం తొక్కని సంజీవరావు, పర్చూరు దగ్గర తన ఊళ్ళో మిరపకల్లాన్ని పక్కచేను సిలారుకి అప్పగించి, సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చచ్చిపోయే మనిషితో పగేమిటి అని తనకి తాను చెప్పుకుని మరీ వచ్చాడు. వచ్చి ఐదు వారాలైంది.

నర్సు పేరు పిలిచింది. ఆయన లేచాడు.

"కూర్చోండి సంజీవరావు గారూ," అంది డాక్టరు.

"పర్లేదమ్మా, నిలబడే వింటా. ఎన్నాళ్ళు?"

"ఏంటి ఎన్నాళ్ళు?"

"మా చెల్లెలు."

ఆవిడ కళ్ళజోడు తీసి కవరు మీద పెట్టింది. "మీ చెల్లెలికి కాన్సరు లేదండీ."

ఆ మాట ఆయన చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

"మరి కోసి మూసేశారుగా?"

"ముక్క తియ్యడానికి కోశాం. తీశాం. మూశాం. తెరిచి వదిలేస్తామా?"

సంజీవరావు అప్పుడు కూర్చున్నాడు. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చోబోతే నర్సు వెనక నుంచి దాన్ని ముందుకు తోసింది.

"దీని పేరు ఇంగ్లీషులో మూరెడుంది. అది మీకెందుకు," అంది డాక్టరు. "వాపు, అంతే. ఏదో క్రిమి లోపలికి చొరబడితే కాలేయం దాని చుట్టూ గూడు కట్టేసింది. స్కానింగులో చూసినా, పొట్ట తెరిచి కంటితో చూసినా అచ్చం కాన్సరు గడ్డలాగే ఉంటుంది. ముక్కని భూతద్దం కింద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇదే మొదటిది. ఆపరేషను రోజు నేనూ కాన్సరే అనుకున్నా. జోసఫ్ గారితో ఆ మాటే అన్నా. ముక్క సంగతి తేలేదాకా అనకుండా ఉండాల్సింది."

"ఐదు వారాలమ్మా."

"తెలుసు. తిట్టండి, పడతాను."

ఆయన తిట్టలేదు. మామూలుగా అయితే తిట్టేవాడు. ఆయన నోటికి పర్చూరు చుట్టుపక్కల పేరుంది.

"ఆకలేస్తోంది అంటోందా?"

"అంటోంది. మొన్న రెండు ముద్దలు ఎక్కువ తింది. తింటుంటే జోసఫు బావ చూడలేక పెరట్లోకెళ్ళి ఏడిచాడు."

"ఏడవొద్దని చెప్పండి. కుట్లు విప్పిన రోజు మళ్ళీ స్కానింగు తీశాను. గడ్డ సగానికి సగం తగ్గింది. కాన్సరు అలా తగ్గదు. మాత్రలు ఇంకో రెండు నెలలు. ఆ తర్వాత ఆవిడ బడికి పోవచ్చు."

"కాగితం ఇవ్వండమ్మా," అన్నాడు సంజీవరావు. "ఆ మద్రాసు కాగితం. నాకు కావాలి."

చీరాల బస్సు గుంటూరు దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రోడ్డుకి రెండు వైపులా కల్లాలు. నేల మీద కాయ ఆరబోసి ఉంది, కంటికి ఆనినంత మేర ఎరుపు. కిటికీలోంచి ఘాటు వచ్చి బస్సంతా తుమ్మింది. సంజీవరావు తుమ్మలేదు. ఆయన కల్లాన్ని చూడలేదు, కాయ రంగు చూడలేదు. మిరపరైతు మార్చి నెలలో పక్కవాడి కల్లం కేసి చూడకుండా పోయాడంటే ఆ మనిషికి ఏదో అయిందనే లెక్క.

ముందు సంతోషం వచ్చింది. ఏటుకూరు దాటేదాకా అదే. పక్కన కూర్చున్న ముసలమ్మ బుట్టలో కోడి ముక్కు బయట పెడితే దాని తల నిమిరాడు. ఆ తర్వాత సంతోషం పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. జయ చచ్చిపోదు. అయితే నేనెందుకున్నాను ఆ ఇంట్లో?

పదకొండేళ్ళ కిందట కూడా ఇదే మార్చి. ఆయన భార్య దేవకుమారికి పొట్టలో గడ్డంటే కోశారు. కల్లంలో కాయ ఉంది, మబ్బు పట్టింది, ఆయన ఆ పూట ఊళ్ళోనే ఉండిపోయాడు. ఆస్పత్రిలో దేవకుమారి పక్కన ఉన్నది జయకుమారే. మర్నాడు ఆయన వెళితే, "ఏం లేదన్నయ్యా, గడ్డ తీసేశారు," అంది చెల్లెలు. ఆ మాట నమ్మాడు. నమ్మి, మూడు నెలలు మంచం దిగని పెళ్ళాన్ని తిట్టాడు. కాయ ఏరడానికి లేవదని తిట్టాడు. కూలోళ్ళ ముందు తిట్టాడు. జూన్లో ఆమె పోయింది. ఆ మూడు నెలలూ వచ్చి దగ్గరుండి చూసుకున్నది కూడా జయకుమారే. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక జయకుమారి నిజం చెప్పింది. కోసి మూసేశారన్నయ్యా, నాకు ముందే తెలుసు అంది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆయన ఊరి చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల పెడతారు, యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. తోడబుట్టిన వాళ్ళతో పగ ఉన్న మనిషి ఆ రొట్టె ముట్టకూడదు. పాస్టరుగారు గిన్నె మీద గుడ్డ తియ్యగానే సంజీవరావు లేచి బయటికి నడిచి, చెప్పుల దగ్గర నిలబడతాడు. పదకొండేళ్ళు నిలబడ్డాడు. చెప్పులకు కాపలాయా సంజీవరావూ అని ఎవరో ఒకసారి నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నారు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చి ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. సంచి లేదు. ఇంట్లో మేకుకి తగిలించి వచ్చాడు. సంచి అడుగున, పేపర్లో చుట్టి, చీర.

ఆ వైపు ఎన్ని ప్రార్థనలు నేర్చుకున్నా కొన్ని పద్ధతులు వదల్లేదు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఆ చీర కప్పేదాకా శవపెట్టె మీద మేకు దిగదు. జయకుమారికి పుట్టిల్లంటే సంజీవరావే. అందుకని వచ్చిన మొదటి వారంలోనే చీరాల వెళ్ళి, నేతగాడు అంకమ్మరావు మగ్గం దగ్గరే కూర్చుని, తెల్లచీర కొన్నాడు. సన్నటి నీలం అంచు.

"ఎవరికండీ?" అన్నాడు అంకమ్మరావు.

"చెల్లెలికి."

"జాకెట్టు గుడ్డ కూడా ఇదే రంగులో..."

"అక్కర్లా."

అంకమ్మరావు ఆయన వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా చీర మడత పెట్టాడు.

ప్రత్తిపాడులో దిగి, సందులోకి తిరిగి, జోసఫ్ ఇంటి ముందుకు వచ్చేసరికి సంజీవరావు కాళ్ళు ఆగిపోయాయి.

వసారాలో మంచం మీద జయకుమారి కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. తెల్లచీర కట్టుకుంది. సన్నటి నీలం అంచు.

ఆమె వెనక గుమ్మంలో జోసఫ్ నిలబడి ఉన్నాడు, చేతిలో జావగిన్నెతో. జిన్నింగు మిల్లులో దూది బేళ్ళు ఎత్తే మనిషి, చూడ్డానికి గోడలా ఉంటాడు. ఆ గోడ ఇప్పుడు భార్య తల మీదుగా బావమరిదికి కళ్ళతో, కనుబొమ్మలతో, గడ్డంతో ఏదేదో చెబుతోంది. నా తప్పేం లేదు బావా, నేనొచ్చేసరికే కట్టేసుకుంది, నేనేం చెయ్యను.

"ఏవండీ, మీ మొహానికేమైంది? చీమ కుట్టిందా?" అంది జయకుమారి వెనక్కి తిరక్కుండానే. "అన్నయ్యా, అక్కడే నిలబడ్డావేం? రా. నీ చొక్కాలు ఉతుకుదామని సంచి దించా. ఇది దొరికింది. పదకొండేళ్ళకి గుర్తొచ్చిందా, చెల్లెలికి చీర పెట్టాలని?"

"నువ్వు బట్టలుతకడమేంటి?" అన్నాడు సంజీవరావు.

"ఒళ్ళు బాగుంది కాబట్టి. ఎలా ఉందో చెప్పు. నీలం నాకు నప్పిందా?"

"విప్పెయ్."

"ఏం?"

"విప్పెయ్ ఆ చీర! చెబుతుంటే వినపడట్లా? విప్పి అవతల పారెయ్!"

ఎదురింటి అరుగు మీద పొగాకు గుచ్చుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు. జోసఫ్ జావగిన్నె కింద పెట్టాడు. "బావా, మెల్లగా. మనిషి పచ్చి ఒళ్ళు."

జయకుమారి కదల్లేదు. కొంగు తీసి ఒళ్ళో పెట్టుకుని, అంచు మీద వేలితో రాసింది.

"మంచి నేత," అంది. "జాకెట్టు గుడ్డ లేదు కానీ."

తలెత్తి అన్న వైపు చూసింది.

"పుట్టింటివాళ్ళు జాకెట్టు గుడ్డ లేకుండా చీర పెట్టేది ఒక్కసారే అన్నయ్యా. నాకు తెలీదనుకున్నావా? విప్పగానే తెలిసింది. అంతకు ముందూ తెలుసులే. కోసి మూసేస్తే ఏంటో నాకొకళ్ళు చెప్పాలా? వదినని కోసి మూసేసినప్పుడు పక్కనున్నది నేనేగా. ఈయన నాకు పుండు అని చెప్పి పెరట్లోకెళ్ళి అరిటిచెట్టుని కావిలించుకుని ఏడుస్తాడు. ఆ చెట్టుకే జబ్బు చేసేట్టుంది."

"జయా..." అన్నాడు జోసఫ్.

"తెలిసీ ఎందుకు కట్టుకున్నావే?" అన్నాడు సంజీవరావు.

"నువ్వు తెచ్చిన చీర. చచ్చాక కడితే నేను చూసుకోలేనుగా."

సంజీవరావు వసారా మెట్టు మీద కూలబడ్డాడు. చెప్పాల్సిన మాట గొంతులో అడ్డం పడింది. ఐదు వారాలు అబద్ధాలు చెప్పాడు, ఒక్కటీ అడ్డం పడలేదు. నిజం చెప్పబోతే పడింది.

"నీకేం లేదు," అన్నాడు. "నీకు కాన్సరు లేదు. డాక్టరమ్మ చెప్పింది."

జోసఫ్ నోరు తెరిచాడు. జయకుమారి నవ్వింది. పసిపిల్లాడు దొరకని చోట దాక్కున్నాననుకుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"ఏం లేదన్నయ్యా, గడ్డ తీసేశారు," అంది. "ఈ మాట నీకు చెప్పింది నేను. గుర్తుందా? ఇదే ముక్క. ఇంతే తేలిగ్గా చెప్పా."

ఆమె నమ్మదు. ఎలా నమ్ముతుంది? ఆ ఇంట్లో మంచిమాటకి ఉన్న విలువంతా ఆమే పదకొండేళ్ళ కిందట ఖర్చు పెట్టేసింది. సంజీవరావు జేబులోంచి మద్రాసు కాగితం తీశాడు. ఆయన చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతి. ఇంగ్లీషు రాదు. ఆ కాగితంలో ఏముందో ఆయనకి డాక్టరు నోటి మాట తప్ప ఏమీ తెలీదు. ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది. నాకూ అబద్ధమే చెప్పిందేమో? చదివితే జయకి నిజం తెలిసిపోతుందేమో?

చెయ్యి ఆగింది. మళ్ళీ చాచాడు.

"నేను దాచను," అన్నాడు. "ఏదైతే అదవుతుంది. నువ్వే చదువుకో."

జయకుమారి కళ్ళజోడు పెట్టుకుంది. బడిలో పిల్లల పరీక్ష కాగితాలు దిద్దినట్టు ఒక్కో లైను కింద వేలు జరుపుతూ చదివింది. పై లైన్లు పెద్ద పెద్ద మాటలు, ఆమెకీ కొరుకుడు పడలేదు. వేలు కింది లైను దగ్గరికొచ్చి ఆగింది. నో ఎవిడెన్స్ ఆఫ్ మాలిగ్నెన్సీ. ఆమె దాన్ని పైకి చదివింది. రెండోసారి చదివింది. మూడోసారి చదివి కళ్ళజోడు తీసేసింది.

"ఏమని ఉంది?" అన్నాడు జోసఫ్. "ఏమే? ఏమని ఉంది?"

"లేదని ఉందండీ."

"ఏది లేదని?"

"అదే."

జోసఫ్ ఆ నేల మీదే చతికిలబడ్డాడు. పడుతూ జావగిన్నె తన్నాడు. జావంతా వసారాలో పారి సంజీవరావు చెప్పుల కిందికి వచ్చింది. ఎవరూ దాన్ని తుడవలేదు. అంత పెద్ద మనిషి, భార్య పాదాల మీద తల పెట్టి, దెబ్బ తగిలినవాడిలా చప్పుడు చేస్తూ ఏడిచాడు. ఆమె ఆయన నెత్తి నిమురుతూ, "ఇప్పుడెందుకు, ఇప్పుడెందుకు," అంటూ ఉంది. ఆమె కళ్ళు మాత్రం అన్న మీదే ఉన్నాయి.

చాలాసేపటికి జోసఫ్ లేచి మొహం కడుక్కుని, పాస్టరుగారికి చెప్పొస్తానని బయల్దేరాడు. సందు మలుపు దాకా వెళ్ళి, చొక్కా మర్చిపోయానని వెనక్కి వచ్చి, అది తీసుకుని మళ్ళీ పోయాడు.

సంజీవరావు కూడా లేచాడు. లోపలికెళ్ళి ఖాళీ సంచి మేకు నుంచి తీసుకున్నాడు.

"పోతున్నావా?" అంది జయకుమారి.

"కల్లంలో కాయ ఉంది. సిలారు ఎన్నాళ్ళు చూస్తాడు."

"చావబోయేదాన్ని క్షమించావు. బతికేదాన్ని క్షమించలేవు. అంతేనా?"

ఆయన సంచి భుజాన వేసుకుని వాకిలి వైపు తిరిగాడు.

"ఎల్లుండి ఆదివారం మా చర్చిలో బల్ల. నా పక్కన కూర్చో. ఒక్కసారి."

"ఎలా కూర్చోను?" సంజీవరావు ఇటు తిరిగాడు. పదకొండేళ్ళుగా లోపల ఉడుకుతున్నది ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది. "దాన్ని నేనేమని తిట్టానో నీకు తెలుసు. సోమరిదానా అన్నాను. తిండి దండగ అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. విన్నావు. అన్నయ్యా, వదిన చచ్చిపోతోంది అని ఒక్క మాట అంటే నా నోరు పడిపోయేది కదే. నన్ను ఆపాల్సింది నువ్వు. ఆపలా. నాకా మూడు నెలలు ఎవడిస్తాడు ఇప్పుడు?"

"విన్నాను," అంది జయకుమారి.

ఆమె తన తప్పు కప్పిపుచ్చుకోలేదు. అది ఆయనకి ఎదురుచూడని దెబ్బ. ఇన్నేళ్ళూ ఆమె ఏదో సాకు చెబుతుందని, చెప్పగానే నరకాలని కాచుకుని ఉన్నాడు.

"రెండుసార్లు లేచాను నీతో చెప్పెయ్యడానికి," అందామె. "రెండుసార్లూ వదిన నా చెయ్యి పట్టుకుంది. నువ్వు బయట అరుస్తుంటే లోపల నవ్వేది అన్నయ్యా. నిజంగా నవ్వేది. 'తిట్టనీవే. తిడుతున్నన్నాళ్ళూ నేను రేపు లేస్తాననే అనుకుంటున్నాడు. ఈ ఇంట్లో నేను బతుకుతాననుకునే మనిషి ఆయనొక్కడే. నువ్వు చెబితే ఆయన మెత్తగా మాట్లాడతాడు. అది నేను వినలేను' అనేది."

వాకిట్లో ఎండ అలాగే ఉంది. ఎదురింటి ఆడవాళ్ళు పొగాకు గుచ్చడం ఆపేసి చాలాసేపైంది.

సంజీవరావు కుండ దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. మొహం కడుక్కోవడానికి అన్ని చెంబులు అక్కర్లేదు. కుండలో నీళ్ళు అయిపోయేదాకా కడుక్కున్నాడు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు, చెల్లెలి మొహం చూడకుండా, ఆ చీర అంచు చూస్తూ.

"ఆ నీలం గుడ్డ చీరాలలో దొరుకుతుంది," అన్నాడు. "అంకమ్మరావు దగ్గర. సోమవారం వెళ్ళి జాకెట్టుకి తెస్తా."

జయకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెట్టెలో పెట్టాల్సిన చీర తడిసింది.

"ఇంకొకటి ఉందన్నయ్యా. పోయేముందు నీకు చెబుదామని దాచుకున్నా. ఇప్పుడు పోవట్లేదుగా, దాచుకోవడానికి సాకు లేదు."

"ఏంటి?"

"వదిన పుట్టింటి చీర. వాళ్ళమ్మ ముందే తెచ్చి సంచిలో పెట్టుకుంది, నీలాగే. వదిన చూసేసింది, నాలాగే. కొత్త చీర మట్టిపాలు చెయ్యొద్దు అంది. ఆ రోజు పెట్టెలో కప్పింది నా చీర. వదిన చీర నా ట్రంకుపెట్టె అడుగున ఉంది, పదకొండేళ్ళ నుంచి."

సంజీవరావు తలెత్తాడు.

"ఒకామెకి ఇమ్మంది. పేరు చెప్పింది. మా ఆయన ఒప్పుకుంటేనే ఇవ్వు అంది. ఆయన కోపం తగ్గాక అడుగు అంది. నీ కోపం తగ్గలా, నేను అడగలా. ఆమె ఇంకా అక్కడే ఉంది. మీ ఊళ్ళోనే."

"ఎవరు?"

చీరాల బస్సు మెయిన్ రోడ్డు మీద హారను కొట్టింది. ఆయన ఊరికి పోయే బస్సు అదే. సందు చివర నుంచి తిరిగొస్తున్న జోసఫ్ ఇంకా చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "బావా! బస్సు! బస్సు!" అని అరుస్తున్నాడు.

"ఆదివారం బల్ల దగ్గర అడుగు," అంది జయకుమారి.

బస్సు ఇంకోసారి హారను కొట్టింది. సంజీవరావు భుజాన ఉన్న సంచి దించి, మళ్ళీ ఆ మేకుకే తగిలించాడు.